ఎల్లమ్మ సినిమా రాకముందే మన పటం చదువుదాం

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ,

‘బలగం’ తీసిన వేణు యెల్దండి, దిల్ రాజు నిర్మాణంలో ‘ఎల్లమ్మ’ తీస్తున్నాడన్న కబురు వచ్చినప్పటి నుంచి సిద్దిపేట హాస్టల్ పిల్లలు ఒకటే అడుగుతున్నారు: “అన్నా, ఎల్లమ్మ కథ ఏ పుస్తకంలో ఉంటది?” ఆ సినిమా ఏ కథ చెబుతుందో తెరమీదే చూద్దాం. ఆలోపు చదవాల్సింది మాత్రం మన జిల్లాలోనే ఉంది. అది పుస్తకం కాదు, గుడ్డ.

చేర్యాల. 2016 దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు మన సిద్దిపేట జిల్లా. అక్కడి నకాషీ కళాకారులు ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల పిండి, జిగురు కలిపి పూస్తారు. ఆరినాక ఎర్రటి నేల వేసి, దాని మీద వరుసగా గడులు గీస్తారు. ఒక్కో గడి ఒక్కో ఘట్టం. మూడడుగుల వెడల్పు, పొడవేమో పదుల అడుగులు. కథ చెప్పేవాడు చుట్టను కొద్దికొద్దిగా విప్పుతూ, కర్రతో బొమ్మను చూపిస్తూ పాడతాడు. ఇది కామిక్ సీరియల్ కాక మరేంటి? అనంత్ పై 1967లో అమర్ చిత్ర కథ మొదలుపెట్టేనాటికే మన ఊళ్లలో తరతరాలుగా బొమ్మల కథ నడుస్తోంది. అది కూడా చదువు రానివ్వని కులాల మధ్య.

ఈ కామిక్ అందరికీ ఒకటే కాదు, కులానికొకటి. పద్మశాలీలకు కూనపులి వాళ్లు మార్కండేయ పురాణం చెబుతారు. ముదిరాజులకు కాకిపడగల వాళ్లు, గొల్లలకు మందెచ్చు వాళ్లు, గౌండ్లకు గౌడజెట్టి వాళ్లు. మాదిగలకు డక్కలి వాళ్లు జాంబపురాణం విప్పుతారు. భూమి పుట్టడానికి ఆరు నెలల ముందే ఆదిజాంబవుడు పుట్టాడని అది మొదలవుతుంది. బ్రాహ్మడి కంటే మాదిగ పెద్ద అని ఇంత సూటిగా చెప్పే పురాణం మరొకటి నేను వినలేదు. అదే కథలో కామధేనువు చనిపోవడం, మాంసం, శాపం, కులం కిందికి జారడం కూడా ఉన్నాయి. అంటే తల ఎత్తిన నోటితోనే తల దించే కారణాన్ని కూడా ఒప్పుకుంటుంది. ఆ రెండో సగాన్ని దాచి మొదటి సగమే పోస్టర్ వేసుకోవడం నాకు నచ్చదు. రంగులూ అంతే. దేవతలకు పసుపు, నీలం; రాక్షసులకు ఎక్కువగా ముదురు రంగు. ఆ ముదురు రంగు ఎవరి ఒంటిదో చెప్పాలా?

ఇక ఎల్లమ్మ. ఆమె కథ ఒక్కచోట లేదు. బైండ్లవాళ్లు జమిడికె మీద పాడతారు, చిందువాళ్లు వేషం కట్టి ఆడతారు. చిందు ఎల్లమ్మకు ఆ పేరే నిలిచిపోయింది. బ్రాహ్మణ పురాణంలో రేణుక జమదగ్ని భార్య. మొగుడు చెప్పగానే కొడుకు పరశురాముడు తల నరుకుతాడు, వరంతో బతికిస్తాడు, ఇంటి గొడవ ఇంట్లోనే ముగుస్తుంది. మనవాళ్లు చెప్పే కథలో ఆమె పారిపోతుంది. ఎక్కడికి? మాదిగవాడకు. తోలు నానేసే లందలో దాక్కుంటుంది. నరికిన తలలు తారుమారై, మాతంగి తల ఒకరికి, రేణుక తల ఒకరికి అతుక్కున్నాయని కూడా చెబుతారు. ఊరికో తీరు. కానీ లంద దగ్గరికి రాగానే కథ మనది అయిపోతుంది. ఊరు ముక్కు మూసుకునే చోటే దేవతకు ప్రాణం దక్కింది.

ఇంత గొప్ప కథ పేరు మీదే మన ఆడపిల్లల్ని జోగినులుగా మార్చారు. 1988లో చట్టం చేయాల్సి వచ్చింది. కాబట్టి ఎల్లమ్మను చూసి పూనకంతో ఊగిపోయే ముందు, ఎల్లమ్మకు ‘ఇచ్చేసిన’ పిల్లల్ని గుర్తు చేసుకోండి.

ఇప్పుడు మన ఇంటి మాట. జాంబపురాణాన్ని మన కోసం మోసిన డక్కలివాళ్లను మాదిగలం ఏం చేశాం? మన గూడెం బయటే దిగమన్నాం. మనల్ని ఊరు ఎట్లా చూసిందో మనం వాళ్లనట్లా చూశాం. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో అమల్లోకి వచ్చిన వర్గీకరణలో డక్కలి కులం మొదటి గ్రూపులో ఉంది: 15 కులాలు, 1 శాతం. మాదిగలున్న రెండో గ్రూపుకు 9 శాతం. వర్గీకరణ కోసం ముప్పై ఏళ్లు కొట్లాడినోళ్లం, ఆ 1 శాతం వైపు కూడా చూడాలె కదా.

సినిమాకు వీళ్ల గొంతు కొత్త కాదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య డక్కలి కళాకారుడు; ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాటలో ఆయన గొంతు వినిపించింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. ‘బలగం’ చివర్లో రాష్ట్రాన్ని ఏడిపించిన కొమురమ్మ, మొగిలయ్య బుడిగ జంగాలు. వాళ్లదీ ఆ 1 శాతం గ్రూపే. మొగిలయ్య కిడ్నీలు పాడై 2024 డిసెంబర్‌లో చనిపోయాడు.

పటం సంగతి ఇంకా కష్టం. పాతబడి చిరిగిన పటానికి మనిషికి చేసినట్టు కర్మ చేసి నీళ్లలో కలిపే ఆచారం ఉంది. అందుకే పాతవి చాలా తక్కువ మిగిలాయి. కథ చెప్పించుకునేవాళ్లు తగ్గి, కొత్తవి రాయించేవాళ్లూ తగ్గారు. నకాషీ కుటుంబాలు బతకాలంటే గోడకు తగిలించే బొమ్మలు, మాస్కులు, కీచైన్లు చేయాల్సిందే. వాళ్లను తప్పు పట్టను. కానీ డ్రాయింగ్ రూమ్‌లో వేలాడే ఆ ఒక్క గడి ముందేముందో, తర్వాతేముందో కొన్నవాడికి తెలియదు.

మీ మండలంలో జాంబపురాణం చెప్పే డక్కలి పెద్దమనిషి ఎవరైనా ఉంటే సినిమా రాకముందే వెళ్లండి. గూడెం బయట కాదు, ఇంట్లో కూర్చోబెట్టండి. పటం మొత్తం విప్పించి, అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ రోజు కూలి ఇవ్వండి. ఎక్కడ పెట్టినా చెప్పినవాళ్ల పేరు ముందు రాయండి, మీ పేరు తర్వాత.

వచ్చే భాగంలో చిందు యక్షగానంలో జాంబవుడు బ్రాహ్మడితో చేసే వాదం.

జై భీమ్.