యాత్రికుడి బస: సత్రం నుంచి బుకింగ్ సైట్ వరకు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- దూరప్రయాణికులకు బస సమాచారం ఏ కాలంలో ఎలా అందిందో వివరించగలుగుతారు.
- బుకింగ్ సైట్‌ను ఒక చారిత్రక ఆధారంలా పరిశీలించగలుగుతారు.
- దీర్ఘకాల ప్రయాణానికి తగిన సైట్‌ను ఎంచుకోగలుగుతారు.

1. పరిచయం

కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని వెళ్లేవారైనా, నెలల తరబడి దేశాలు తిరిగేవారైనా ముందుగా వేసుకునే ప్రశ్న ఒకటే: ఎక్కడ దిగాలి? నేడు దీనికి ఫోనులోనే వందల జవాబులు దొరుకుతాయి. వాటిలో దేన్ని నమ్మాలన్నదే సమస్య. శాసనం గానీ, దినచర్య గానీ చేతికి వచ్చినప్పుడు చరిత్ర విద్యార్థి మూడు విషయాలు అడగాలి. ఇది ఎవరు చెప్పారు? ఎవరి సొమ్ముతో చెప్పారు? ఇందులో ఎవరికి చోటు లేదు? బస వెతుక్కునేటప్పుడు కూడా ఈ మూడు ప్రశ్నలే పనికివస్తాయి.

2. ఎవరు చెప్పారు?

మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పరివారంతో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబర్ 3న తిరిగి వచ్చారు. దారి పొడవునా చూసిన సంగతులను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసి పంపారు. ఆ రాతలు 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ పేరుతో అచ్చయ్యాయి. మజిలీ ఊరు ఎలాంటిది, దిగడానికి వసతి ఉందా, నీటి వసతి ఎలా ఉంది, సరుకులు దొరుకుతాయా అన్న వివరాలు అందులో ఉన్నాయి. తరువాత వెళ్లేవారికి ఇది దారిచూపే పుస్తకం.

ఈ ఆధారానికి ఒక బలం ఉంది. రచయిత స్వయంగా ఆ దారిన నడిచినవాడు. ఒక పరిమితి కూడా ఉంది. ఆయన పెద్ద పరివారంతో వెళ్లిన ఉద్యోగి, బ్రాహ్మణుడు. ఆయనకు తెరుచుకున్న తలుపులన్నీ అందరికీ తెరుచుకునేవి కావు. నేటి సైట్లలోని సమీక్షలకూ ఇదే వర్తిస్తుంది. రెండు రాత్రులు ఉండి వెళ్లిన వ్యక్తి బాగుందన్న గది, రెండు నెలలు వంట చేసుకుని ఉండేవారికి బాగుండకపోవచ్చు.

3. ఎవరి సొమ్ముతో?

బుకింగ్.కామ్ 1996లో నెదర్లాండ్స్‌లోను, ఎయిర్‌బిఎన్‌బి 2008లో శాన్‌ఫ్రాన్సిస్కోలోను మొదలయ్యాయి. మొదటిదానికి ప్రధాన ఆదాయం హోటళ్లు ఇచ్చే కమిషన్. రెండోది సేవా రుసుముల మీద నడుస్తుంది. ఎక్కువ కమిషన్ ఇచ్చే హోటల్‌కు జాబితాలో పైకి వచ్చే అవకాశం ఉంటుంది. అందువల్ల మొదట కనిపించినదే మేలైనదని అనుకోరాదు.

మన దేశంలో 2022 అక్టోబర్‌లో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా, మేక్‌మైట్రిప్-గోఐబిబోపై రూ. 223.48 కోట్లు, ఓయోపై రూ. 168.88 కోట్లు జరిమానా విధించింది. తమ సైట్‌లో ఉన్న ధరకంటే తక్కువకు మరోచోట గది ఇవ్వరాదని మేక్‌మైట్రిప్-గోఐబిబో హోటళ్లకు పెట్టిన షరతు కమిషన్ తప్పుపట్టిన వాటిలో ఒకటి. అన్ని సైట్లలోనూ ఒకే ధర కనిపించినప్పుడు అది అసలు ధర అని కాక, షరతు ఫలితం కూడా కావచ్చని దీనినిబట్టి గ్రహించాలి.

4. ఎవరికి చోటు లేదు?

విదేశీ విద్య తరువాత అంబేద్కర్ 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లారు. హిందూ హోటళ్లలో చోటు దొరకదని తెలిసి, పార్శీల బసలో పార్శీ పేరు రాయించుకుని దిగారు. పదకొండో రోజున కర్రలతో వచ్చిన గుంపు సాయంత్రంలోగా ఖాళీ చేయాలని హెచ్చరించింది. ఆ ఊళ్లో మరెక్కడా చోటు దొరకక ఆయన రాత్రి రైలులో బొంబాయి వెళ్లిపోయారు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఈ సంగతి ఆయనే రాశారు. హోటళ్లలో ప్రవేశానికి కుల, మత వివక్ష అడ్డు కారాదని రాజ్యాంగం 15వ అధికరణం చెప్పడం వెనుక ఇలాంటి అనుభవాలు ఎన్నో ఉన్నాయి.

రిజిస్టరులోని పేరు సమస్య సైట్లతో పోలేదు. హార్వర్డ్ పరిశోధకులు అమెరికాలోని ఐదు నగరాల్లో ఎయిర్‌బిఎన్‌బి యజమానులకు పేర్లు మాత్రమే మార్చి ఒకేలాంటి అభ్యర్థనలు పంపారు. 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, నల్లజాతివారివిగా తోచే పేర్లకు అంగీకారం సుమారు 16 శాతం తక్కువగా వచ్చింది. బుకింగ్ ఖాయమయ్యాకే అతిథి ఫొటో యజమానికి కనిపించేలా ఆ సంస్థ 2018లో నిబంధన మార్చింది.

5. ఎంపిక

కొత్త ఊళ్లో నెలకు ఒకేసారి డబ్బు కట్టవద్దు. ఉచితంగా రద్దుచేసుకునే వీలున్న సైట్‌లో మూడు నాలుగు రాత్రులకు గది తీసుకుని, ఊరు చూసుకోండి. ఆపై నెలవారీ బస వెతకండి. ఎయిర్‌బిఎన్‌బిలో 28 రాత్రులు, అంతకు మించిన బసలకు రద్దు నిబంధనలు వేరు. వాటిని చదవకుండా డబ్బు చెల్లించరాదు. శుభ్రత రుసుము, సేవా రుసుము, పన్ను కలిపిన మొత్తాన్నే సైట్ల మధ్య పోల్చండి. యజమాని అనుమతికోసం ఎదురుచూడనక్కరలేని బుకింగ్ ఉంటే, పేరు చూసి తిరస్కరించే అవకాశం తగ్గుతుంది. సైట్ల మౌనాన్ని కూడా గమనించండి. కాశీలోని తెలుగువారి సత్రాలు, ఆశ్రమాలు అన్నీ వీటిలో కనిపించవు. అక్కడికి నేరుగా ఫోన్ చేయడమే మార్గం.

సారాంశం

సమాచారం పెరిగినంత మాత్రాన నమ్మకం పెరగదు. వీరాస్వామయ్య కాలంలో సమాచారం కొరత. నేడు దాన్ని పరీక్షించే ఓపిక కొరత. ఆధారాన్ని ప్రశ్నించడం నేర్చుకున్నవారు పరీక్షలోనే కాక, ప్రయాణంలోనూ తక్కువ మోసపోతారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ‘కాశీయాత్ర చరిత్ర’కు చారిత్రక ఆధారంగా ఉన్న బలాన్ని, పరిమితిని వివరించండి.
2. మీరు వాడే ఒక బుకింగ్ సైట్‌ను పై మూడు ప్రశ్నలతో పరిశీలించి 10 వాక్యాలలో రాయండి.