పౌరసత్వ ప్రమాణానికి ముందే వేరే దేశంలో ఉద్యోగం వస్తే?

ఉస్మానియా యూనివర్సిటీని ఆనుకొని ఉన్న మాణికేశ్వర్ నగర్ నుంచి, పక్కనే తార్నాక నుంచి అమెరికా వెళ్లి గ్రీన్ కార్డు దాకా వచ్చినవాళ్ల ఇళ్లలో ఒక ప్రశ్న అప్పుడప్పుడు వినిపిస్తుంది. "సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ పాస్ అయిండు. ఇంక ఓత్ ఒక్కటే మిగిలింది. ఈలోపు దుబాయ్‌లో మంచి జీతంతో ఉద్యోగం వచ్చింది. పోవచ్చా?"

పోవచ్చు, ఎవరూ ఆపరు. కానీ తిరిగి వచ్చేసరికి ఓత్ చేతిలో ఉంటుందా అన్నదే అసలు సంగతి. ఇంటర్వ్యూ అయ్యాక "అప్రూవ్ అయింది" అని ఇంటికి ఫోన్ చేసి చెప్తారు, ఇక్కడ స్వీట్లు పంచుతారు. చట్టం ప్రకారం ఆ రోజు ఏమీ మారలేదు. ప్రమాణం చేసేదాకా ఆ మనిషి భారత పౌరుడే, అమెరికాలో గ్రీన్ కార్డు మీద ఉన్నవాడే.

అమెరికా చట్టం అడిగేది ఒక్కటే. ఎన్-400 దరఖాస్తు ఇచ్చిన రోజు నుంచి ప్రమాణం చేసే రోజు దాకా నివాసం అమెరికాలోనే కొనసాగాలి. ఇంటర్వ్యూ దాకా కాదు, ప్రమాణం దాకా. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఒకేసారి 6 నెలలు దాటి బయట ఉంటే నివాసం తెగిపోయినట్టే అధికారులు అనుకుంటారు, కాదని మీరే రుజువు చూపాలి. ఏడాది లేదా అంతకు మించి ఉంటే తెగినట్టే. అట్లని 5 నెలలకు ఒకసారి విమానం ఎక్కి వచ్చిపోతే సరిపోతుందా అంటే, అదీ గ్యారంటీ లేదు. టూర్ వేరు, కాపురం మార్చడం వేరు. ఇల్లు ఖాళీ చేసి, పిల్లల్ని అక్కడి స్కూల్లో వేసి, జీతం అక్కడే తీసుకుంటుంటే గ్రీన్ కార్డు మీదే ప్రశ్న వస్తుంది. పన్ను మిగుల్చుకుందామని అమెరికా రిటర్న్‌లో "నాన్ రెసిడెంట్" అని రాసుకుంటే పని ఇంకా చెడుతుంది. అమెరికా నివాసం వదులుకున్నట్టు మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు అవుతుంది.

ఓత్ సెరిమనీకి పిలుస్తూ ఎన్-445 అనే నోటీసు వస్తుంది. అందులో కొన్ని ప్రశ్నలుంటాయి. ఇంటర్వ్యూ తర్వాత దేశం దాటి వెళ్లారా అన్నది వాటిలో ఒకటి. జవాబులు రాసి, సంతకం పెట్టి, ఆ రోజు చేతికివ్వాలి. వారం పది రోజులు హైదరాబాద్ వచ్చి పోయినా అవునని రాయాలి, దాంతో నష్టం లేదు. దాచడమే ప్రమాదం. అసలు సంగతి దాచి తెచ్చుకున్న పౌరసత్వాన్ని ఏళ్ల తర్వాత కూడా కోర్టు ద్వారా రద్దు చేయొచ్చు.

మరి ఉద్యోగం వదులుకోవాలా? అక్కర్లేదు. ముందు చేయాల్సింది ఓత్ తేదీని ముందుకు జరపమని అడగడం. ఈ వెసులుబాటు నియమాల్లోనే ఉంది. తీవ్రమైన జబ్బు, వైకల్యం, వృద్ధాప్యంతో పాటు ప్రయాణం లేదా ఉద్యోగం వల్ల వచ్చిన అత్యవసరాన్ని కూడా కారణంగా ఒప్పుకుంటారు. కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్, చేరాల్సిన తేదీ, ఆ తేదీ ఎందుకు జరగదో చెప్పే ఉత్తరం జతచేసి, ఇంటర్వ్యూ చేసిన ఆఫీసుకు రాతపూర్వకంగా అడగాలి. కొన్ని చోట్ల ప్రమాణం కోర్టు చేయిస్తుంది, అక్కడ వినతి కోర్టు దాకా పోవాలి. ఇస్తారని హామీ లేదు. అయినా అడగకుండానే సూట్‌కేసు సర్దుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. రెండో దారి, కొత్త కంపెనీని నెలో రెండు నెలలో ఆగమనడం. గల్ఫ్ కంపెనీల్లో వీసా పనికే వారాలు పడుతుంది కాబట్టి ఇది మరీ పెద్ద కోరికేం కాదు.

పిలిచిన రోజుకు రాలేకపోతే ముందే కారణం రాసి వేరే తేదీ అడగాలి. సరైన కారణం లేకుండా ఒకటికి మించి సెరిమనీలకు రాకపోతే పౌరసత్వం వద్దనుకున్నట్టే లెక్కేస్తారు. నోటీసు పాత అడ్రసుకు పోయి, మనిషి దుబాయ్‌లో ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఆన్‌లైన్ ఖాతా చూస్తూ ఉండాలి.

ఎన్-470 అనే దరఖాస్తు గురించి కూడా అడుగుతుంటారు. బయట పనిచేస్తున్నా నివాసం తెగకుండా కాపాడే కాగితం అది. అమెరికా ప్రభుత్వం, గుర్తింపు ఉన్న అమెరికన్ పరిశోధనా సంస్థలు, విదేశీ వ్యాపారం చేసే అమెరికన్ కంపెనీలు, కొన్ని అంతర్జాతీయ సంస్థల ఉద్యోగుల్లాంటి కొందరికే ఇది పనికొస్తుంది. అదీ గ్రీన్ కార్డు వచ్చాక కనీసం ఏడాది పాటు ఒక్కరోజు కూడా బయటికి పోకుండా అమెరికాలో ఉండి ఉండాలి. అమెరికన్ పరిశోధనా సంస్థ తరఫున బయటికి వెళ్లే శాస్త్రవేత్తకు దారి ఉండొచ్చు. దుబాయ్ లోకల్ కంపెనీలో చేరేవాళ్లకు లేదు.

పెద్ద కాగితాన్ని కావాలనే వదులుకున్న హైదరాబాదీ కూడా ఉన్నారు. సత్య నాదెళ్ల 1990లలో గ్రీన్ కార్డు తిరిగి ఇచ్చేసి హెచ్-1బీ తీసుకున్నారు, భార్య త్వరగా తన దగ్గరికి రావడానికి. అది తెలిసి, లెక్క వేసుకొని చేసిన పని. తెలియక పోగొట్టుకోవడం వేరు.

ప్రమాణం అయ్యాక మర్నాడే దుబాయ్‌లో కాపురం పెట్టినా పౌరసత్వం పోదు. పోతుందన్న భయం పాత చట్టం నుంచి వచ్చింది. పుట్టిన దేశానికి పోయి 3 ఏళ్లు ఉంటే పౌరసత్వం పోతుందన్న నియమాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1964లో కొట్టేసింది. పౌరసత్వం వచ్చిన కొత్తలోనే విదేశంలో స్థిరపడితే మోసంగా చూసే నియమాన్ని 1994లో తీసేశారు.

ఇతర దేశాల్లో పద్ధతి కొంచెం తేడా. కెనడాలో 2020 నుంచి ఆన్‌లైన్‌లో కూడా ప్రమాణం చేయిస్తున్నారు గానీ, మామూలుగా ఆ సమయానికి మనిషి కెనడాలోనే ఉండాలి. ఆస్ట్రేలియాలో అనుమతి వచ్చిన 12 నెలల్లో ప్రమాణం కాకపోతే ఆ అనుమతిని రద్దు చేయొచ్చు. బ్రిటన్‌లో పిలుపు వచ్చాక 3 నెలల గడువు.

ఇక ఇంటివాళ్లు తెలుసుకోవాల్సింది ప్రమాణం రోజు గురించి. ఆ రోజు గ్రీన్ కార్డు తిరిగి తీసుకుంటారు. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం భారత పౌరసత్వం పోతుంది, భారత పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయకూడదు, దాన్ని సరెండర్ చేయాలి. దుబాయ్ వీసా ఆ పాస్‌పోర్టు మీద తీసుకొని ఉంటే కంపెనీకి ముందే చెప్పాలి. చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది గానీ దాంతో విమానం ఎక్కలేరు. అమెరికా పాస్‌పోర్టు రావాలి, ఆ తర్వాత ఇండియాకు వీసానో ఓసీఐ కార్డో కావాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ నాన్నకు సీరియస్ అయిందనుకోండి. అమెరికాలో అట్లాంటి వాళ్లకు అత్యవసర పాస్‌పోర్టు ఇచ్చే ఏర్పాటు ఉంది, 14 రోజుల్లోపు ప్రయాణం ఉంటే అపాయింట్‌మెంట్ అడగొచ్చు. రుజువు మాత్రం కావాలి. కాబట్టి ఇక్కడున్న అన్నో చెల్లెనో ముందు హాస్పిటల్‌లో డాక్టర్ సంతకంతో, ఇంగ్లీషులో, పేషెంట్ పరిస్థితి రాసిన ఉత్తరం తీసుకొని అదే పూట వాట్సాప్‌లో పంపించాలి.