కథ కంచికి వెళ్ళకపోతే

మా చిన్నప్పుడు మా నాయనమ్మ రాత్రిళ్ళు వాకిట్లో నులకమంచం మీద పడుకుని కథలు చెప్పేది. ఏ కథ అయినా సరే, చివర మాట ఒకటే: "కథ కంచికి, మనం ఇంటికి." ఓసారి నాకు అనుమానం వచ్చింది. "కంచికెళ్ళి ఏం చేస్తుందే ఈ కథ?" అని అడిగాను. "ఏం చేస్తుందిరా, ఎవరి జోలికీ పోకుండా అక్కడే పడి ఉంటుంది. ఇక కళ్ళు మూసుకో" అంది.

ఆ జవాబులో ఎంత అర్థం ఉందో తెలియడానికి నాకు అరవై ఏళ్ళు పట్టింది. అదీ ఎక్కడనుకున్నారు? అమెరికాలో, మా అమ్మాయి ఇంట్లో, ఓ ఆదివారం సాయంత్రం టీవీ ముందు కూర్చున్నప్పుడు.

ఏడు గంటలయింది. తెరమీద ఒక స్టాప్‌వాచీ కనిపించింది. టిక్కు, టిక్కు, టిక్కు. పాట లేదు, వాద్యం లేదు. ఆ చప్పుడొక్కటే. "ఇది 'సిక్స్‌టీ మినిట్స్' నాన్నా. నాకంటే వయసులో పెద్దది" అంది మా అమ్మాయి. నిజమే. ఆ తర్వాత పనీపాటా లేని పగళ్ళలో అక్కడి లైబ్రరీకి పోయి దాని చరిత్ర తిరగేశాను.

సి.బి.ఎస్. వాళ్ళు దీన్ని 1968 సెప్టెంబరు 24న, ఓ మంగళవారం రాత్రి మొదలుపెట్టారు. పుట్టించినవాడు డాన్ హ్యూయిట్. 'లైఫ్' పత్రికలాంటిది తెరమీద ఎందుకు ఉండకూడదు అన్నది ఆయన ఆలోచన. గంటసేపు ఒకే విషయం మీద ఉపన్యాసం దంచితే జనం కునికిపాట్లు పడతారు, అదే గంటలో రెండు మూడు కథలు పెడితే కూర్చుంటారు. మన వారపత్రికల కిటుకే, చెప్పొద్దూ! తన విలేకరులకు ఆయన నూరిపోసిన సూత్రం ఇంగ్లీషులో నాలుగే మాటలు. తెలుగులో అయితే మూడే: నాకో కథ చెప్పు.

మొదట్లో చూసినవాళ్ళు తక్కువే. 1975 డిసెంబరులో ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు మార్చాక దశ తిరిగింది. 1979-80లో అమెరికాలో హాస్య నాటికలనూ, ఆటలనూ, అన్నిటినీ వెనక్కి నెట్టి మొదటి స్థానానికి వచ్చింది. వార్తల కార్యక్రమం ఆ స్థానం ఎక్కడమంటే మాటలు కాదు.

ఇంతమంది ఒకేసారి వినే కథ ఊరికే ఉంటుందా? 1991 నవంబరు 17న ఒక కథ చెప్పారు. ఫ్రాన్సు వాళ్ళు వెన్నా, జున్నూ అంతంత తింటారు గదా, గుండెజబ్బులు మాత్రం అమెరికా వాళ్ళకంటే తక్కువేమిటి? ఎర్ర ద్రాక్షసారా మహిమ కావచ్చునన్నారు. ఇంకేముంది, ఆ మరుసటేడు అమెరికాలో దాని అమ్మకాలు నలభై శాతానికి పైగా పెరిగాయి. ఇవాళ డాక్టర్లు ఆ మాట అంత ధీమాగా అనడం లేదు. తాగినవాళ్ళు తాగారు. పోనివ్వండి, ఇది నవ్వుకునే కథ.

నవ్వుకోలేని కథ లెనెల్ గెటర్‌ది. నల్లజాతి కుర్రవాడు, ఇంజనీరు. టెక్సాస్‌లోని గ్రీన్‌విల్ అనే ఊళ్ళో ఉద్యోగం. 1982 ఆగస్టులో అక్కడికి దాదాపు 50 మైళ్ళ దూరంలో ఒక కోడివేపుడు హోటల్లో దోపిడీ జరిగింది. పోయింది 615 డాలర్లు. దొంగ నల్లవాడన్నారు. గెటర్‌ని పట్టుకున్నారు. ఆ వేళకి అతను ఆఫీసులో మాతోనే ఉన్నాడని తోటి ఉద్యోగులు మొత్తుకున్నారు. జ్యూరీలో ఉన్నవాళ్ళంతా తెల్లవాళ్ళు. యావజ్జీవ శిక్ష పడింది. 615 డాలర్లకి ఒక జీవితం!

తోటి ఉద్యోగులు ఊరుకోలేదు, నల్లజాతి వారి సంఘమూ ఊరుకోలేదు, పత్రికలూ రాశాయి. చివరికి 1983 డిసెంబరులో మోర్లీ సేఫర్ ఆ కథని 'సిక్స్‌టీ మినిట్స్'లో చెప్పాడు. ఆ నెల దాటకుండానే గెటర్ జైలు బయటికి వచ్చాడు. 1984 మార్చిలో కేసే కొట్టేశారు. ఆ కథ కంచికి వెళ్ళలేదు, తిన్నగా జైలుకి వెళ్ళి తలుపు తీసింది.

ఇక్కడితో ఆపేస్తే నాకూ హాయిగా ఉండేది. కాని ఏమాటకామాటే చెప్పుకోవాలి.

1986 నవంబరు 23న చెప్పిన కథ ఆడీ కార్ల గురించి. బ్రేకు తొక్కుతున్నా ఆ కారు తనంతట తానే దూకుతోందన్నారు. అలా దూకిన కారు కింద కన్నకొడుకుని పోగొట్టుకున్న తల్లి తెరమీద కంటతడి పెట్టింది. యాక్సిలరేటర్ పెడల్ ఎవరూ తొక్కకుండానే కిందికి దిగడం చూపించారు. చూసినవాళ్ళు గుండెలు బాదుకున్నారు. అయితే అలా దిగడానికి ఆ కారుకి ముందే ఒక నిపుణుడు రంధ్రం వేసి, గాలి ఒత్తిడితో ఏర్పాటు చేశాడు. ఆ సంగతి చూసేవాళ్ళకి తెలియదు. 1989లో ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ తేల్చిందేమిటంటే, చాలా ప్రమాదాల్లో డ్రైవరు కాలు బ్రేకు అనుకుని పక్క పెడల్ మీద పడిందని. అప్పటికి నష్టం జరిగిపోయింది. 1985లో అమెరికాలో 74 వేల దాకా అమ్ముడుపోయిన ఆడీ కార్లు 1991 నాటికి 12 వేలకి దిగాయి. అంతా ఈ ఒక్క కథవల్లేనని నేననను. కాని ఆ తల్లి కన్నీళ్ళు నిజం, చెప్పిన కారణం నిజం కాదు. కన్నీళ్ళు చూశాక కారణాన్ని ఎవరు తరిచి చూస్తారు? మీరే చెప్పండి.

చెప్పకుండా దాచిన కథ కూడా ఒకటుంది. సిగరెట్ల కంపెనీలో పరిశోధనల పెద్దగా పనిచేసిన జెఫ్రీ వైగాండ్, పొగాకు గుట్టు విప్పుతూ 1995లో వీళ్ళతో మాట్లాడాడు. కంపెనీ దావా వేస్తుందేమోనని లాయర్లు భయపెట్టారు. ఆయన మాటలు లేకుండానే నవంబరులో ఒక చప్పిడి కథ వేశారు. విషయం పత్రికలకెక్కి పరువు పోయాక, 1996 ఫిబ్రవరి 4న అసలు కథ బయటపెట్టారు. ఊరందరినీ నిలదీసి అడిగేవాళ్ళకి తమ ఇంటిదగ్గర నోరు పెగలలేదన్నమాట. 1999లో దానిమీద సినిమా కూడా వచ్చింది.

ఇవన్నీ చదివాక నాకు ఆ టిక్కు టిక్కు వేరేగా వినిపించడం మొదలెట్టింది. గెటర్‌కి దొరికిన పావుగంటా, ఆడీకి తగిలిన పావుగంటా ఒక్క గడియారంలోవే. కథ చెప్పేవాడి చేతిలో ఉండే సమయం అంతే. విన్నవాడు లేచి భోజనానికి పోతాడు. కథలో ఉన్నవాడు మాత్రం అందులోంచి లేచిపోలేడు. తప్పయిందని తర్వాత తెలిసినా, ఆ దిద్దుబాటు వినడానికి అంతమందీ మళ్ళీ అదే వేళకి వచ్చి కూర్చోరు.

ఆ రాత్రి టీవీ కట్టేశాక మనవరాలు పక్కలోకి దూరి "కథ చెప్పు తాతయ్యా" అంది. అనగనగా ఒక రాజు అని మొదలుపెట్టి, ఏడు చేపలూ ఎండబెట్టి, చీమ పుట్టలో వేలు పెట్టించి, కథ కంచికి పంపించాను.

"అక్కడికెళ్ళి ఏం చేస్తుంది?" అంది.

"ఎవరి జోలికీ పోకుండా పడి ఉంటుందమ్మా" అన్నాను.

అన్ని కథలూ అంత బుద్ధిమంతులు కావని చెప్పడానికి దానికింకా వయసు చాలదు.