అమ్మ కాల్షియం బిళ్ళల కథ
అమెరికా నుంచి అమ్మకి కాల్షియం, విటమిన్ డి సీసాలు మోసుకొచ్చే మన ఐటీ జనాలకి చిన్న చరిత్ర.

1992లో ఫ్రాన్స్‌లో షాపుయి బృందం ఫలితాలొచ్చాయి. వృద్ధాశ్రమాల్లోని 3,270 మంది ముసలమ్మలు, సగటు వయసు 84. రోజుకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం, 800 యూనిట్ల డి. ఏడాదిన్నర పాటు వాడినవాళ్ళలో తుంటి ఎముక విరగడం 43 శాతం తగ్గింది!

2006లో అమెరికాలో 36,282 మంది ఆడవాళ్ళ మీద ఇలాంటిదే చేస్తే (డి మోతాదు సగమే లెండి) తుంటికి చెప్పుకోదగ్గ లాభం లేదు. పైగా కిడ్నీలో రాళ్ళు 17 శాతం ఎక్కువ.

నా లెక్కలో తేడా బిళ్ళలో లేదు, ఇన్‌పుట్‌లో ఉంది. ఫ్రాన్స్ బామ్మలకి ఎండ తగలదు, తిండిలో కాల్షియమూ తక్కువే. అమెరికావాళ్ళలో చాలామందికి ముందే సరిపడా అందుతోంది.

ఆస్టియోపోరోసిస్ వచ్చాకైతే ఇవొక్కటే చాలవు. 1995 నాటి అలెండ్రోనేట్ ప్రయోగంలో ఉత్తుత్తి బిళ్ళ మింగినవాళ్ళకి కూడా రోజూ 500 మిల్లీగ్రాముల కాల్షియం ఇచ్చారు, తెలుసా?