టైటానిక్‌ ఎక్కిన గుంటూరు పెద్దపిల్ల

టైటానిక్ అనగానే పిల్లలకు సినిమా గుర్తొస్తుంది. ఆ ఓడలో మన గుంటూరులో పుట్టిన పన్నెండేళ్ల అమ్మాయి ఉందని, బతికి బయటపడిందని చెప్పి చూడండి. "నిజంగానా?" అని దగ్గరకొచ్చి కూర్చుంటారు. మా మఠంపల్లి వాళ్లకు గుంటూరంటే కృష్ణకు అవతలి సీమే కదా!

ఆమె పేరు రూత్ బెకర్. 1899 అక్టోబరు 28న పుట్టింది. తండ్రి ఆలెన్ బెకర్ అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ, తల్లి నెల్లీ. ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరులో ఆసుపత్రి పెట్టింది కూడా ఆ మిషన్ తరఫునే.

1912లో బెకర్ల చిన్నకొడుకు రిచర్డ్‌కు జబ్బు చేసింది. అంతకుముందే ఒక కొడుకును పోగొట్టుకున్న తల్లి నెల్లీ. వైద్యం కోసం పిల్లలను తీసుకుని అమెరికా బయలుదేరింది. భర్త తర్వాత వస్తానని ఇక్కడే ఉండిపోయాడు. ఏప్రిల్ 10న ఇంగ్లండులోని సౌతాంప్టన్ రేవులో ఆమె ముగ్గురు పిల్లలతో టైటానిక్ రెండో తరగతి ఎక్కింది. రూత్‌కు 12, మేరియన్‌కు 4, రిచర్డ్‌కు ఇంకా రెండేళ్లు నిండలేదు.

ఏప్రిల్ 14 రాత్రి 11:40కి ఓడ మంచుకొండను కొట్టుకుంది. ఇంజిన్ల చప్పుడు ఆగిపోవడంతో నెల్లీ బయటికొచ్చి అడిగింది. ఏమీ లేదు, వెళ్లి పడుకోమన్నారు. ఆమెకు మనసు ఒప్పలేదు. మళ్లీ వెళ్లి ఇంకొకరిని అడిగితే, లైఫ్‌జాకెట్లు వేసుకుని వెంటనే పైకి రమ్మన్నారు. ఆ రెండోసారి అడగడమే వాళ్లను కాపాడిందేమో అనిపిస్తుంది నాకు.

పైన చలి. కంబళ్లు తెమ్మని నెల్లీ రూత్‌ను కిందికి పంపింది. మన ఇళ్లల్లో కూడా అంతే కదా, ఏది కావాలన్నా పరుగెత్తాల్సింది పెద్దపిల్లే! రూత్ తిరిగొచ్చేసరికి పడవలు దింపుతున్నారు. చిన్నపిల్లలిద్దరినీ 11వ పడవలో కూర్చోబెట్టి, ఇక చోటు లేదన్నారు. నా పిల్లలతో నన్నూ పోనివ్వండని నెల్లీ గట్టిగా అరిచి, ఆ పడవెక్కేసింది. నువ్వు ఇంకో పడవెక్కమని రూత్‌కు చెప్పింది. ఆ తల్లికి పెద్దపిల్ల మీద ప్రేమ తక్కువా? చంటివాడు ఒంటరిగా బతకలేడు, ఇది బతకగలదు అనుకుంది. నిమిషం కూడా లేని చోట తల్లి వేసుకున్న లెక్క అది.

రూత్‌కు 13వ పడవ దొరికింది. అది నీళ్లను తాకాక పక్కకు కొట్టుకుపోయి, పైనుంచి దిగుతున్న 15వ పడవ కిందికి వచ్చింది. సమయానికి తాళ్లు కోసేశారు కాబట్టి బతికారు. ఆ పడవలో బొగ్గు వేసే పనివాళ్లు పలుచని బట్టలతో వణుకుతున్నారు. రూత్ తెచ్చిన కంబళ్లు వాళ్లకు పనికొచ్చాయి. బిడ్డ వేరే పడవలో ఉండిపోయిందని ఏడుస్తున్న ఒక తల్లికి కూడా ఆ పిల్లే ధైర్యం చెప్పింది.

తెల్లవారుజామున కార్పేతియా అనే ఓడ వచ్చి వాళ్లను ఎక్కించుకుంది. అందులో రూత్ తల్లి కోసం చాలాసేపు వెతికింది. చివరికి ఒకావిడ "నువ్వు రూత్ బెకర్‌వా?" అని అడిగి తల్లి దగ్గరికి చేర్చింది.

ఈ కథ పిల్లలకు చెప్పేటప్పుడు ఒక లెక్క కూడా చెప్పండి. ఓడలో 2,200 మందికి పైగా ఉంటే, పడవలు 20. వాటిలో పట్టేది 1,178 మంది. అవి కూడా నిండకుండానే కొన్ని వెళ్లిపోయాయి. దాదాపు 1,500 మంది చనిపోయారు. బ్రిటిష్ విచారణ లెక్క ప్రకారం రెండో తరగతిలో ఉన్న 24 మంది పిల్లలూ బతికారు. మూడో తరగతిలో 79 మంది పిల్లలుంటే బతికింది 27 మందే. ఆ తల్లులూ నెల్లీలాగే అరిచి ఉంటారు. ఓడలో ఉన్న అందరికీ పడవలుండాలన్న నియమం ఆ తర్వాతే వచ్చింది.

రూత్ చదువుకుని టీచరైంది, ముగ్గురు పిల్లల తల్లైంది. చాలా ఏళ్లు ఆ రాత్రి సంగతి సొంత పిల్లలకే చెప్పలేదు. రిటైరయ్యాకే నోరు విప్పింది. ధైర్యంగా నిలబడిన పెద్దపిల్లకు భయం లేదని కాదు, ఎవరూ అడగలేదని అర్థం. మన ఇంట్లో పెద్దపిల్లలను కూడా అప్పుడప్పుడు అడుగుదాం.

1990లో, తొంభై ఏళ్ల వయసులో, ఆమె మళ్లీ ఓడెక్కింది. 1912 తర్వాత అదే మొదటిసారి. ఆ ఏడాది జులైలోనే కన్నుమూసింది. ఆమె చితాభస్మాన్ని 1994లో టైటానిక్ మునిగిన చోటే సముద్రంలో కలిపారు.