మూసీని రెండుసార్లు దాటిన ముచ్చట

మంట దగ్గరికి జరుగుండ్రి, చెప్త. అది 1975, సంక్రాంతి ముంగట. నాకు 19 ఏండ్లు. మా అన్న హైదరాబాద్ పట్నంల చదువుతుండె. రోజూ కాలేజీకి నడిచి పోతున్న అని ఉత్తరం రాస్తె, ఇంట్ల ఉన్న సైకిలు వానికి ఇయ్యాలె అన్నడు మా నాయిన. బస్సు మీద ఏసి పంపుదామంటె, నేనే తొక్కుకుంట పోత అన్న. సూర్యాపేట నుంచి పట్నం 130 కిలోమీటర్ల పైమాటే.

కోడి కూసే యాల్లకు ఎల్లిన. అమ్మ క్యారియరుకు సద్ది మూట కట్టింది, జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం. టేకుమట్ల కాడ మూసీ దాటేటప్పటికి ఇంకా మబ్బుల్నే ఉంది. వంతెన కింద నీళ్ల సప్పుడు ఇనవడ్డది గని నీళ్లు కనవడలే. నకిరేకల్ల చాయ్ తాగిన. కట్టంగూరు, నార్కట్‌పల్లి దాటిన. చింతచెట్ల నీడ ఉన్నంత దూరం కాళ్లు నొయ్యలే.

చిట్యాల దాటినంక ఎనుక చక్రం పంచరైంది. ఎండల నూకుకుంట పోతె, ఒక చెట్టు కింద పంచర్లేసే ముసలాయన కనవడ్డడు. టైరు ఇప్పి, ట్యూబు గంగాళంల ముంచి బుడగలొచ్చే జాగ పట్టుకున్నడు. ఆయన మెడ తిరగదు. నా దిక్కు చూడాలంటె పెయ్యంత తిప్పాలె. మోకాళ్లు వంకర తిరిగినయి. దూప అయితుందని నేను బాయి కాడికి పోతుంటె, "ఆ నీళ్లు తాగకు కొడుకా, నన్ను జూడు" అన్నడు. కోడలు చెరువు నుంచి మోసుకొచ్చిన నీళ్లు కుండల ఉంటె, అండ్ల నుంచి చెంబెడు పోసిండు. పంచరుకు పైసలు తీసుకున్నడు గని నీళ్లకు తీసుకోలే. మన నల్లగొండ నీళ్లల్ల ఫ్లోరైడు ఎంతమంది ఎముకలు వంచిందో మీకు ఎరుక లేదు. ఆడికి దగ్గర్నే చౌటుప్పల్ల 2015ల ఇంటింటి నల్లా పథకం పైలాన్ నిలబెట్టిండ్రు. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ చెంబే యాదికొస్తది.

పొద్దుగూకేటప్పటికి హయత్‌నగర్ చేరిన. గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ బిడ్డ హయాత్ బక్షీ బేగం పేరు మీద ఎలసిన ఊరది. ఆమె పేరున్న మసీదు సుట్టూ బాటసారులకు కట్టిన కమాన్ల గదులున్నయి. గోల్కొండ నుంచి బందరు రేవుకు పోయే సరుకంత ఈ తొవ్వ పొంటే పోయేదట. వజ్రాల బేరగాడు టావెర్నియర్ గూడ బందరు నుంచి గోల్కొండకు వచ్చినోడే. ఆ రాత్రి సైకిలును కాలుకు తాడుతోని కట్టుకొని ఒక కమాను కింద పండుకున్న. రాయి సల్లగ ఉండె. ఒక తురక తాత దుప్పటి కప్పిపోయిండు, పేరు గూడ అడగలే.

తెల్లారి మలక్‌పేట మీదికెళ్లి చాదర్‌ఘాట్ వంతెన ఎక్కిన. కింద మల్ల మూసీ! ముందటి రోజు మబ్బుల నేను దాటిన నీళ్లు ఈ వంతెన కిందికెళ్లే పోయినయి. సైకిలు ఆపి శానసేపు చూసిన.

తొవ్వను నాలుగు లైన్లు చేసేటప్పుడు చింతచెట్లు కొట్టేసిండ్రు. అది నాకు ఇప్పటికీ కడుపుల మంటే. హయత్‌నగర్ కమాన్లు మాత్రం ఉన్నయి, రోడ్డుకు కొంచెం లోపలికి. ఈసారి పట్నం పోయేటప్పుడు ఆడ దిగి, ఒకపారి చూసి రాండ్రి.