చంద్రయానాలు, శ్రీహరికోట

చంద్రుని పరిశీలనకు భారత అంతరిక్ష పరిశోధన సంస్థ (ఇస్రో) 2008 నుంచి చేపట్టిన యాత్రలను చంద్రయానాలు అంటారు. ఇంతవరకు జరిగిన మూడూ ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుంచే బయలుదేరాయి. అదే కాలంలో జపాన్, చైనా, ఇజ్రాయెల్, దక్షిణ కొరియా కూడా చంద్రునివైపు నౌకలు పంపడంతో వీటి మధ్య ఒక పోటీ నెలకొంది. 1960లలో అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య సాగిన పోరుతో దీన్ని పోల్చడం సరికాదు. ఇక్కడ ఒక దేశపు నౌకలో మరొక దేశపు పరికరం ప్రయాణించిన సందర్భాలు చాలా ఉన్నాయి.

శ్రీహరికోటకు రోడ్డు దారి ఇది: మంగళగిరి మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి గుంటూరు, ఒంగోలు, నెల్లూరు దాటి సూళ్లూరుపేట చేరుతుంది. అక్కడి నుంచి పులికాట్ సరస్సు గుండా వేసిన దారి శ్రీహరికోట దీవికి పోతుంది. 1969లో ఈ దీవిని ఎంపిక చేయడానికి భౌగోళిక కారణాలున్నాయి. తూర్పున అంతా సముద్రమే కాబట్టి రాకెట్ విడిచే భాగాలు ఊళ్లమీద పడవు. భూమధ్యరేఖకు కొంత చేరువలో తూర్పు ముఖంగా ప్రయోగిస్తే భూభ్రమణ వేగం రాకెట్‌కు కలిసివస్తుంది. తరతరాలుగా దీవినే నమ్ముకున్న యానాదులు ఈ కేంద్రం కోసం తమ ఆవాసాలను వదులుకున్నారు. శ్రీహరికోట చరిత్ర రాసేవారు ఈ సంగతిని విస్మరించరాదు. 1971 అక్టోబరు 9న రోహిణి తరగతి చిన్న రాకెట్‌తో ప్రయోగాలు మొదలయ్యాయి. 2002లో కేంద్రానికి ఇస్రో పూర్వ అధ్యక్షుడు సతీష్ ధావన్ పేరు పెట్టారు.

చంద్రయాన్-1ను 2008 అక్టోబరు 22 ఉదయం పీఎస్‌ఎల్‌వీ-సీ11 రాకెట్ మోసుకుపోయింది. జపాన్ వారి కగుయా, చైనా వారి చాంగ్'ఎ-1 అంతకు ఏడాది ముందే, 2007 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో బయలుదేరాయి. పీఎస్‌ఎల్‌వీకి నౌకను నేరుగా చంద్రునివైపు విసిరేంత బలం లేదు గనుక, భూమి చుట్టూ కక్ష్యలో ఉన్న నౌక భూమికి దగ్గరగా వచ్చిన కొన్ని సందర్భాల్లో దాని ఇంజన్‌ను కొద్దిసేపు మండించి, కక్ష్యను అంచెలంచెలుగా సాగదీశారు. తక్కువ ఖర్చుతో చంద్రుణ్ణి చేరే ఈ పద్ధతినే తర్వాతి యాత్రలూ అనుసరించాయి. నౌకలోని 11 పరికరాల్లో 6 విదేశాలవి: ఐరోపా అంతరిక్ష సంస్థవి 3, అమెరికావి 2, బల్గేరియాది 1. నవంబరు 14న మూన్ ఇంపాక్ట్ ప్రోబ్ అనే భారతీయ పరికరం త్రివర్ణ పతాక చిత్రంతో దక్షిణ ధ్రువ ప్రాంతంలో చంద్రుని నేలను ఢీకొంది. 2009 ఆగస్టు చివర నౌకతో సంబంధాలు తెగిపోయినా, చంద్రుని ఉపరితలంపై నీటి అణువుల జాడను అందులోని అమెరికా పరికరం ఎం3 పట్టుకున్న విషయం సెప్టెంబరులో ప్రపంచానికి తెలిసింది. భారత నౌక, అమెరికా పరికరం కలిసి సాధించిన ఈ ఫలితమే చంద్రయాన్-1 ఘనతల్లో అన్నిటికన్నా పెద్దది.

రెండో యాత్రకు దిగే నౌకను (ల్యాండర్‌ను) రష్యా సమకూర్చాలని 2007లో ఒప్పందం కుదిరింది. 2011లో రష్యా వారి ఫోబోస్-గ్రంట్ యాత్ర విఫలం కావడంతో ఆ ఏర్పాటు వెనుకబడి, చివరకు భారత్ సొంతంగా విక్రమ్ అనే ల్యాండర్‌ను నిర్మించుకోవలసి వచ్చింది. 2019 జులై 22న బయలుదేరిన చంద్రయాన్-2లోని విక్రమ్ సెప్టెంబరు 7 తెల్లవారుజామున కూలిపోయింది. ఇజ్రాయెల్ వారి బెరెషీట్ అదే ఏడాది ఏప్రిల్‌లో కూలింది. చంద్రయాన్-2 కక్ష్యానౌక మాత్రం పనిచేస్తూనే ఉంది.

ఈ యాత్రకూ, చంద్రయాన్-3కూ వాడిన ఎల్‌వీఎం3 రాకెట్‌తో (దీని పాత పేరు జీఎస్‌ఎల్‌వీ మార్క్-3) తెలుగు నేలకు మరింత దగ్గరి సంబంధం ఉంది. దానికి ఇరుపక్కలా అమర్చే ఎస్200 మోటార్ల ఘన ఇంధనం శ్రీహరికోటలోనే తయారవుతుంది. అమ్మోనియం పెర్‌క్లోరేట్, అల్యూమినియం పొడి, వాటిని పట్టి ఉంచే రబ్బరు వంటి జిగురు పదార్థం కలిపిన చిక్కని ముద్దను ఉక్కు గొట్టాల్లో పోసి, వేడిలో గట్టిపడనిస్తారు. ఒక్కో మోటారులో సుమారు 200 టన్నులు పడుతుంది. నడిమి దశలోని వికాస్ ఇంజన్లలో మండేది హైడ్రజీన్ జాతి ద్రవ ఇంధనం. ఆ రకం ఇంధనాన్ని తణుకులోని ఆంధ్రా షుగర్స్ ఇస్రో కోసం ఏళ్లుగా తయారుచేస్తోంది.

2023 జులై 14న బయలుదేరిన చంద్రయాన్-3కి ఆగస్టులో అనుకోని పోటీ ఎదురైంది. రష్యా 11న ప్రయోగించిన లూనా-25 నేరుగా సాగి ముందే దిగవలసి ఉండగా, 19న కూలిపోయింది. చంద్రయాన్-3 ల్యాండర్ (దీని పేరూ విక్రమే) 23వ తేదీ సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు సుమారు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం వద్ద క్షేమంగా దిగడంతో, సోవియట్ యూనియన్, అమెరికా, చైనాల తర్వాత ఈ పని చేయగలిగిన నాలుగో దేశం భారత్ అయింది. 2024 జనవరిలో స్లిమ్ నౌక దిగడంతో జపాన్ ఐదో స్థానం పొందింది. విక్రమ్ పైన రెండంగుళాల వెడల్పున, ఎనిమిది గాజు పట్టకాలున్న అమెరికా పరికరం ఒకటి ఉంది. విద్యుత్తు అవసరం లేకుండా, తనపై పడిన లేజర్ కాంతిని వచ్చిన దిక్కుకే తిప్పిపంపడం దాని పని. విక్రమ్ మూగబోయిన తర్వాత, 2023 డిసెంబరు 12న అమెరికా వారి ఎల్‌ఆర్‌ఓ నౌక కక్ష్య నుంచి ప్రసరించిన లేజర్ దానికి తగిలి తిరిగివచ్చింది.

చంద్రుని మట్టిని భూమికి తెచ్చే చంద్రయాన్-4కు కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది. చంద్రయాన్-5ను జపాన్‌తో కలిసి చేపడుతున్నారు: ల్యాండర్ భారత్‌ది, చంద్రునిపై తిరిగే రోవర్ జపాన్‌ది, ప్రయోగం జపాన్ వారి హెచ్3 రాకెట్‌పై తనెగషిమా కేంద్రం నుంచి.